ఏజెంట్ ఆరెంజ్: 50 ఏళ్లు దాటినా పిల్లల మీద ప్రభావం ఉందంటే నమ్మాలా?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. ఈమధ్య కుటుంబంతో వియత్నాం వెళ్లొచ్చాం. హోటళ్లు, తిండి, బీచ్‌ల సంగతి వేరే చర్చలో రాస్తాను. ఇక్కడ అడగాలనుకున్నది వేరు.

హో చి మిన్ సిటీలో వార్ రెమ్నెంట్స్ మ్యూజియంలో ఏజెంట్ ఆరెంజ్ మీద ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది. గోడల నిండా పిల్లల ఫొటోలు. మా ఆవిడ సగం చూసి బయటికి వచ్చేసింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి ఒక ఫొటో కింద ఉన్న సంవత్సరం చూసి, "నాన్నా, యుద్ధం 1975లోనే అయిపోయింది కదా, ఈ అబ్బాయి నాకంటే చిన్నవాడు, వీడికెలా వచ్చింది?" అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు. గైడ్ మాత్రం "ఇది నాలుగో తరం" అన్నాడు.

చెట్ల ఆకులు రాలగొట్టడానికి యుద్ధంలో అమెరికా చల్లిన మందు మనుషుల్లో తరాల తరబడి ఉంటుందా? ఇందులో సైన్స్ ఎంత, ప్రచారం ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి. వాట్సాప్ ఫార్వర్డ్‌లు మాత్రం దయచేసి వద్దు.

ల్యాబ్‌కోటు:
గోదారిగట్టు గారూ, రసాయన శాస్త్రం వరకు నేను చెబుతాను. వైద్యం సంగతి డాక్టర్లు చెప్పాలి.

ఏజెంట్ ఆరెంజ్ ఒకే మందు కాదు. 2,4-డి, 2,4,5-టి అనే రెండు కలుపు మందుల ఎస్టర్లను దాదాపు సగం సగం కలిపిన ద్రవం. డ్రమ్ము చుట్టూ నారింజ రంగు పట్టీ ఉండేది కాబట్టి ఆ పేరు. తెలుపు, నీలం, ఊదా, గులాబీ, ఆకుపచ్చ పట్టీల మందులు కూడా వాడారు. నీలం పట్టీది ఆర్సెనిక్ ఆధారిత మందు. దాన్ని ముఖ్యంగా వరి పంట మీద కొట్టారు, గెరిల్లాలకు తిండి దొరక్కుండా. ఆ వరి పండించుకునేది ఊళ్లో రైతులే.

ఈ మొత్తం పనికి ఆపరేషన్ రాంచ్ హ్యాండ్ అని పేరు. 1962 జనవరిలో మొదలై 1971 జనవరిలో ఆగింది. సీ-123 విమానానికి వెయ్యి గ్యాలన్ల ట్యాంకు బిగించి, చెట్ల తలలకు కాస్త పైనుంచి పోతూ నాలుగైదు నిమిషాల్లో ఖాళీ చేసేవారు. ఎకరాకు సుమారు 3 గ్యాలన్లు, అంటే 11 లీటర్ల పైమాటే. పొలంలో కలుపుకు కొట్టే మోతాదుకు ఇది ఎన్నో రెట్లు. అన్ని రంగులూ కలిపి 7 కోట్ల లీటర్లకు పైగా చల్లారు. కొలంబియా యూనివర్సిటీకి చెందిన జీన్ స్టెల్‌మాన్ బృందం విమానాల రికార్డులన్నీ తిరగేసి 2003లో నేచర్ పత్రికలో లెక్క ప్రచురించింది. నేరుగా మందు పడ్డ పల్లెల్లో అప్పటికి ఉన్న జనం 21 లక్షల నుంచి 48 లక్షల వరకు ఉంటారని అంచనా.

అసలు విషం 2,4,5-టి తయారీలో ఉంది. ఆ రియాక్షన్‌లో వేడి అదుపు తప్పితే టీసీడీడీ అనే డయాక్సిన్ పక్క ఉత్పత్తిగా పుడుతుంది. యుద్ధానికి అడిగినంత సరుకు తొందరగా ఇవ్వాలని ఫ్యాక్టరీలు పరుగెత్తించిన కొద్దీ అది పెరిగింది. కలుపు మందు తనంతట తాను కొన్ని వారాలకో నెలలకో విరిగిపోతుంది. డయాక్సిన్ అలా పోదు. నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. ఎండ తగిలే నేల పైపొరలో కొన్నేళ్లకు తగ్గుతుంది కానీ కింది పొరల్లో, చెరువు అడుగు బురదలో దశాబ్దాలు నిలుస్తుంది. మనిషి ఒంట్లో చేరినది సగానికి తగ్గాలంటే సుమారు 7 నుంచి 11 ఏళ్లు పడుతుంది. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ టీసీడీడీని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది.

పల్నాటి_పత్తి:
మాస్టారూ, ఒక్క నిమిషం. 2,4-డి అంటున్నారు, అది మా ఊళ్లో ప్రతి పురుగుమందుల కొట్లో దొరుకుతుంది. జొన్నలో, మొక్కజొన్నలో, వరిలో వెడల్పాకు కలుపుకి కొడతాం.

దాని దెబ్బ మాకు తెలుసు. రెండేళ్ల కింద పక్క చేను ఆయన మొక్కజొన్నలో 2,4-డి కొట్టాడు. గాలి మా వైపు తిరిగింది. వారం తిరక్కుండా మా పత్తి చిగుళ్లు మెలికలు తిరిగాయి. కొత్తగా వచ్చిన ఆకులు బెండాకుల్లాగా సన్నగా వేళ్లు వేళ్లుగా చీలి, ఈనెలు దగ్గరకి ముడుచుకుపోయాయి. పూత రాలింది. గట్టు పక్క సాళ్లు చాలావరకు పోయాయి. అవతల మనిషి తెలిసి చేసింది కాదు, ఊళ్లో పెద్దమనుషులు కూర్చుని సర్దుబాటు చేశారు. ఒక పంపుతో కొట్టిన మందు గాలికి వస్తేనే ఇలా ఉంటే, విమానంతో కొడితే ఆ ఊళ్లు ఏమైపోయాయో.

నా భయం ఏంటంటే, మేం కొట్టేది కూడా అదేనా? మా ఇంట్లో ఆడవాళ్లు కలుపుకి ఆ చేలోకే వెళ్తారు.

ల్యాబ్‌కోటు:
మంచి ప్రశ్న అడిగారు తమ్ముడూ. ఏజెంట్ ఆరెంజ్‌లో సగం మీరు కొట్టేదే, కానీ డయాక్సిన్ తెచ్చిన సగం అది కాదు. టీసీడీడీ పుట్టేది 2,4,5-టి దారిలో. మన దేశంలో 2,4,5-టి కి రిజిస్ట్రేషనే ఇవ్వలేదు, తిరస్కరించిన మందుల జాబితాలో ఉంది. కాబట్టి "మన పొలాల్లో ఏజెంట్ ఆరెంజ్ అమ్ముతున్నారు" అని తిరిగే మెసేజీలు తప్పు.

అలాగని 2,4-డి నిరపాయం అనుకోవద్దు. 2015లో అదే క్యాన్సర్ సంస్థ దాన్ని "క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది" అనే వర్గంలో పెట్టింది. గాలి ఉన్నప్పుడు కొట్టొద్దు, పత్తి పక్కన అసలు కొట్టొద్దు, ఆ పంపుతోనే పత్తికి వేరే మందు కొట్టొద్దు. మందు కొట్టిన వెంటనే ఇంట్లోవాళ్లని చేలోకి పంపకండి. డబ్బా మీద ఎన్ని రోజులు ఆగాలో రాసి ఉంటుంది, అది చూసుకోండి.

డాలస్_బాబాయ్:
నేను ఇక్కడ టెక్సాస్‌లో ఇరవై ఏళ్ల పైనుంచి ఉంటున్నాను. మా వీధి చివర ఇంటాయన వియత్నాంలో పనిచేసి వచ్చినవాడు. చాలా మంచి మనిషి. ఆయనకు టైప్ 2 షుగర్, గుండె జబ్బు. రెండింటికీ ప్రభుత్వం నెలనెలా డబ్బు ఇస్తుంది, ఏజెంట్ ఆరెంజ్ కారణంగా వచ్చినవని లెక్కగట్టి. "మీ మీద మందు పడిందని ఎలా రుజువు చేశారు?" అని అడిగితే, "రుజువు చెయ్యక్కర్లేదు, అక్కడ కాలు పెట్టినట్టు కాగితం చూపిస్తే చాలు" అన్నాడు.

తర్వాత చదివి చూశాను, నిజమే. 1991లో వచ్చిన ఏజెంట్ ఆరెంజ్ చట్టం ప్రకారం, 1962 జనవరి 9 నుంచి 1975 మే 7 మధ్య వియత్నాంలో పనిచేసిన సైనికుడికి జాబితాలో ఉన్న జబ్బు వస్తే అది ఈ మందు వల్లే వచ్చిందని ప్రభుత్వమే ఊహించుకుంటుంది. ప్రోస్టేట్ క్యాన్సర్, కొన్ని లింఫోమాలు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లు), పార్కిన్సన్స్, షుగర్, గుండె జబ్బు ఆ జాబితాలో ఉన్నాయి. 2022లో ప్యాక్ట్ చట్టం వచ్చాక బీపీ కూడా చేరింది. లావోస్, కంబోడియా, థాయ్‌లాండ్‌లో పనిచేసినవాళ్లకు, ఆఖరికి మిగిలిన డ్రమ్ములు దాచిన జాన్‌స్టన్ దీవిలో ఉన్నవాళ్లకు కూడా వర్తింపజేశారు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. అడ్మిరల్ ఎల్మో జుమ్‌వాల్ట్ అని నౌకాదళం పెద్ద ఉండేవాడు. మెకాంగ్ డెల్టా కాలువల ఒడ్డున పొదల్లో దాక్కుని పడవల మీద కాల్పులు జరుపుతున్నారని, అక్కడ మందు చల్లమని ఆయనే ఆదేశించాడు. అదే కాలువల్లో ఆయన కొడుకు పడవ నడిపాడు. ఆ కొడుకు 1988లో లింఫోమాతో పోయాడు, 42 ఏళ్లకే. మనవడు పుట్టుకతోనే నరాల ఎదుగుదల సమస్యలతో ఉన్నాడు. మందు వల్ల కాల్పుల్లో చావులు తగ్గాయి కాబట్టి తన ఆదేశం సరైనదేనని ఆ తండ్రి చివరి వరకు అన్నాడు. అదే మనిషి, ఏజెంట్ ఆరెంజ్‌కీ ఈ జబ్బులకీ సంబంధం ఉందని 1990లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు, సైనికులకు సాయం అందాలని తిరిగాడు.

సందేహజీవి:
అందరి మాటలూ చదివాను. బాధ ఉంది, కాదనను. కానీ గోదారిగట్టు గారు అడిగింది సైన్స్ ఎంత అని. పుట్టుకతో లోపాలు ప్రపంచంలో ప్రతి దేశంలోనూ ఉన్నాయి. వియత్నాంలో అప్పట్లో తిండి లేదు, గర్భిణులకు ఫోలిక్ యాసిడ్ లేదు, ఇన్ఫెక్షన్లు ఎక్కువ. అమెరికాలో నేషనల్ అకాడమీస్ అనే శాస్త్రవేత్తల సంస్థ వాళ్లు ఈ విషయాన్ని పదేపదే సమీక్షించి, పిల్లల పుట్టుక లోపాలకు "సరిపడా ఆధారం లేదు" అన్నారు. వెన్నెముక సరిగా మూసుకోని స్పైనా బిఫిడాను ఒకప్పుడు "పరిమిత ఆధారం" కింద పెట్టి, తర్వాత దాన్ని కూడా తగ్గించారు. 30 లక్షల మంది బాధితులు అనే అంకె వియత్నాం వైపు నుంచి వచ్చింది. ఫొటోలో ఉన్న ప్రతి బిడ్డకూ కారణం ఇదే అని ఎవరు చెప్పగలరు?

పిల్లల_డాక్టరమ్మ:
సందేహజీవి గారూ, ఒక్కో బిడ్డను చూపించి "ఇది డయాక్సిన్ వల్లే" అని ఏ డాక్టరూ చెప్పలేరు. ఆ మేరకు మీతో ఏకీభవిస్తాను. ఆ లోపం మీద డయాక్సిన్ సంతకం ఏమీ ఉండదు.

కానీ "సరిపడా ఆధారం లేదు" అన్నది "ప్రభావం లేదు" అనడం కాదు. ఆధారం ఎందుకు లేదో చూడండి. యుద్ధంలో ఉన్న దేశంలో పుట్టుక లోపాల రిజిస్టర్ ఎవరు రాస్తారు? తల్లి రక్తంలో డయాక్సిన్ ఎంత ఉందో చూడాలంటే ఒక్కో శాంపిల్‌కు వెయ్యి డాలర్ల దాకా అయ్యే పరీక్ష. పల్లెటూళ్లలో వేలమందికి ఎవరు చేస్తారు? అకాడమీస్ సమీక్ష ఎక్కువగా ఆధారపడింది అమెరికా సైనికుల మీద, అంటే మగవాళ్ల మీద, అదీ ఏడాది ఉండి వెళ్లిపోయినవాళ్ల మీద. ఆ నేల మీదే గర్భం దాల్చి, ఆ చెరువు చేపలు తిని, పాలిచ్చిన తల్లుల సంగతి వేరు. 2006లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణలో మందు పడ్డ తల్లిదండ్రుల పిల్లల్లో లోపాలు సుమారు రెట్టింపు కనిపించాయి, వియత్నాం అధ్యయనాల్లో ఇంకా ఎక్కువ. ఆ అధ్యయనాల నాణ్యత మీద వాదనలున్నాయి, ఉండాల్సిందే.

గోదారిగట్టు గారూ, ఇక మీ అమ్మాయి ప్రశ్న. ఇందులో రెండు దారులున్నాయి, గైడ్‌లు రెండింటినీ కలిపేస్తారు. మొదటిది వంశపారంపర్యం. డయాక్సిన్ ప్రధానంగా జన్యువును తెంపే రకం కాదు. కణంలో ఒక గ్రాహకానికి అతుక్కుని ఏ జన్యువు ఎప్పుడు పనిచెయ్యాలో ఆ క్రమాన్ని చెడగొడుతుంది. ఎలుకల్లో ఆ ప్రభావం తర్వాతి తరాలకు వెళ్లినట్టు ప్రయోగాల్లో చూశారు. మనుషుల్లో అది ఇంకా తేలలేదు. రెండోది మాత్రం తేలిపోయింది: మట్టిలో ఉన్న విషం బురదలోకి, బురద నుంచి చేపలోకి, బాతులోకి, తల్లి కొవ్వులోకి, మాయ ద్వారా కడుపులో బిడ్డకు, తర్వాత తల్లిపాల ద్వారా పసివాడికి. అలాంటి చోట 2000 సంవత్సరంలో పుట్టిన బిడ్డకు తాత నుంచి రానక్కర్లేదు, వాళ్లమ్మ వండిన చేపల కూర చాలు.

డాక్టర్ న్గుయెన్ థి న్గోక్ ఫూంగ్ గారి గురించి కూడా మీ అమ్మాయికి చెప్పండి. సైగాన్‌లో (ఇప్పటి హో చి మిన్ సిటీ) తూ జూ ఆసుపత్రిలో కాన్పులు చేస్తూ, 1960ల చివర్లో ఇలాంటి పిల్లలు వరుసగా పుట్టడం చూసి కారణం వెతకడం మొదలుపెట్టిన ఆవిడ. జీవితమంతా ఈ పని మీదే ఉన్నారు. 2024లో రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు.

సైగాన్‌లో_తెలుగోడు:
నేను సైగాన్ దగ్గర బియెన్ హోవాలో ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేస్తున్నాను. డాక్టరమ్మ గారు చెప్పిన "అలాంటి చోటు" ఇదే. యుద్ధకాలంలో డ్రమ్ములు దించి, విమానాల్లోకి ఎక్కించి, ట్యాంకులు కడిగిన ఎయిర్‌బేస్‌లు మూడు ముఖ్యమైనవి: దా నాంగ్, ఫూ కాట్, బియెన్ హోవా. కడిగిన నీళ్లు, ఒలికిన మందు అన్నీ పక్క చెరువుల్లోకి పోయాయి. ఇక్కడ ఊరు బేస్ గోడ దాకా పెరిగింది. మోటార్ సైకిళ్లు, నూడుల్స్ బండ్లు, స్కూలు పిల్లలు, అన్నీ గోడను ఆనుకునే. బేస్ దగ్గరి చెరువుల చేపలు తినొద్దని బోర్డులు పెట్టారు. డబ్బులేనివాడు బోర్డు చూసి ఆగడు కదా.

దా నాంగ్‌లో లోడింగ్ చేసిన చోట మట్టిలో 3,65,000 పీపీటీ (ఒక పీపీటీ అంటే లక్ష కోట్ల వంతుల్లో ఒక వంతు) దాకా డయాక్సిన్ దొరికింది. వెయ్యి దాటితే శుభ్రం చెయ్యాలన్నది అక్కడ పెట్టుకున్న హద్దు. అమెరికా డబ్బుతో 2012లో పని మొదలెట్టారు. మట్టిని తవ్వి కాంక్రీటు పెట్టెలాంటి పెద్ద కట్టడంలో నింపి, లోపలికి వేడి గొట్టాలు దించి, 335 డిగ్రీలకు కాచారు. ఆ వేడికి డయాక్సిన్ విరిగిపోతుంది. సుమారు 90 వేల ఘనపు మీటర్లు అలా శుద్ధి చేసి 2018లో పూర్తిచేశారు. అయిన ఖర్చు 11 కోట్ల డాలర్లు. ఇప్పుడు ఆ నేల ఎయిర్‌పోర్టు వాడుకుంటోంది.

బియెన్ హోవా దానికి ఐదు రెట్లు. 5 లక్షల ఘనపు మీటర్ల మట్టి, 45 కోట్ల డాలర్ల అంచనా. 2019లో మొదలైంది. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం ఆపేసినప్పుడు పని మధ్యలో నిలిచిపోయింది. తవ్విన విషపు మట్టి గుంతలు అలాగే ఉన్నాయి. ముందు వర్షాకాలం. ఆ వారాల్లో మా ఆఫీసులో స్థానికులు పడ్డ టెన్షన్ నేను చూశాను. తర్వాత పని మళ్లీ మొదలుపెట్టారు. కానీ ఇంత పని ఒక సంతకంతో ఆగగలదని అందరికీ అర్థమైంది.

మడఅడవి:
మనుషుల గురించే మాట్లాడుతున్నాం, అడవి గురించి కూడా చెప్పనివ్వండి. నాది కాకినాడ వైపు, కోరింగ మడ అడవి పక్కనే పెరిగాను. మడ చెట్లకు ఈ మందు అస్సలు పడదు. లోపలి కొండల మీద అడవి ఒకసారి ఆకు రాల్చినా మళ్లీ చిగురించింది, రెండుమూడు సార్లు కొడితే చచ్చింది. మడ చెట్టుకు ఒక్కసారి చాలు. సైగాన్ నదీముఖంలో కాన్ జో అడవి సగానికి పైగా అలా బోడిగా మిగిలింది. మడ పోతే రొయ్య పిల్ల, పీత, ఒడ్డు, అన్నీ పోయినట్టే. తుపాను వస్తే ఊరికి అడ్డం ఏమీ ఉండదు, ఇది మా వైపువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

1978 నుంచి అక్కడి జనం బురదలో దిగి చేత్తో ఒక్కో మొక్క నాటారు. రైజోఫోరా జాతి, కోరింగలోనూ ఉండేదే. 2000లో యునెస్కో దాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. అంటే మనుషులు పూనుకుంటే అడవి తిరిగొస్తుంది, అయితే పాత అడవిలో ఉన్నన్ని రకాలు రావు. ఎక్కువగా ఒకే జాతి.

కొండల్లో ఆ లూయి లోయలో ఇంకొకటి జరిగింది. ఆ సో అనే పాత ఎయిర్‌బేస్ నేల అప్పట్లో విషమయం. శుభ్రం చెయ్యడానికి అప్పటికి డబ్బు లేదు. ఫుంగ్ తూ బోయ్ అనే అటవీ శాస్త్రవేత్త ఆ నేల చుట్టూ పెద్ద పెద్ద ముళ్లుండే చెట్లను కంచెగా నాటించాడు, పశువులూ పిల్లలూ లోపలికి పోకుండా. ఆ చెట్టు కాయలను అక్కడి ఆడవాళ్లు తల రుద్దుకోవడానికి వాడతారు, కాబట్టి అమ్ముకుంటే నాలుగు డబ్బులు. నాకు ఈ మొత్తం కథలో చేతులెత్తి మొక్కాలనిపించింది ఆ మనిషికే.

కోర్టుగుమ్మం:
లాయరుగా నా వంతు. 1984లో అమెరికా మాజీ సైనికులకూ కంపెనీలకూ మధ్య విచారణ మొదలవ్వాల్సిన రోజునే 18 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. డౌ, మోన్‌సాంటో వగైరా కంపెనీలు తప్పు ఒప్పుకోలేదు. పూర్తిగా మంచానపడ్డ సైనికుడికి పదేళ్లలో కలిపి వచ్చింది సుమారు 12 వేల డాలర్లు.

2004లో వియత్నాం బాధితుల సంఘం అదే కోర్టులో, అదే జడ్జి జాక్ వైన్‌స్టీన్ ముందు కేసు వేసింది. 2005 మార్చిలో కొట్టేశారు. కలుపు మందు ఆనాటి అంతర్జాతీయ చట్టం ప్రకారం "విషం" కాదన్నారు. 2008లో అప్పీలు పోయింది, 2009లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. యుద్ధకాలంలో జర్నలిస్టుగా అడవుల్లో తిరిగి మందులో తడిసిన ట్రాన్ తో న్గా ఫ్రాన్స్‌లో 14 కంపెనీల మీద పోరాడింది. ఆమె మొదటి కూతురు గుండె లోపంతో పసితనంలోనే పోయింది. 2021 మేలో పారిస్ దగ్గరి ఎవ్రీ అనే ఊరి కోర్టు, 2024 ఆగస్టులో పారిస్ అప్పీలు కోర్టు కేసు చెల్లదన్నాయి, కంపెనీలు అమెరికా ప్రభుత్వం చెప్పినట్టు చేశాయి కాబట్టి వాటికి రక్షణ ఉందట. అప్పటికి ఆవిడకు 80 దాటాయి.

డాలస్ బాబాయ్ గారు రాసింది దీని పక్కన పెట్టి చదవండి. ఏడాది ఉండి వెళ్లిన సైనికుడికి కాగితం చాలు. తరాలుగా ఆ నేల మీదే ఉన్నవాడిని మాత్రం ఒక్కో జబ్బుకూ రుజువు తెమ్మంటారు, ఆ రుజువు తెచ్చినా కంపెనీలను కోర్టు ముట్టుకోదు. ఇది నాకు ఎంత ఆలోచించినా న్యాయం అనిపించదు.

సందేహజీవి:
కోర్టుగుమ్మం గారూ, సూటిగా అడుగుతాను. రుజువు లేకుండా డబ్బు ఇవ్వడం మొదలెడితే హద్దు ఎక్కడ? వికలాంగుడైన ప్రతి వియత్నాం పౌరుడికీ ఇవ్వాలా?

పిల్లల_డాక్టరమ్మ:
హద్దు వాళ్లే గీసి పెట్టారండి. ఏ ఏ జబ్బులో జాబితా ఉంది. ఏ ఏ ఊళ్ల మీదుగా విమానాలు పోయాయో స్టెల్‌మాన్ బృందం మ్యాపు తీసింది. ఆ ఊరివాడికి ఆ జాబితాలో జబ్బు ఉంటే, సైనికుడికి చేసిన ఊహే ఇతనికీ చెయ్యమంటున్నాం. పుట్టుక లోపాల దగ్గర సైన్స్ ఇంకా తేల్చలేదంటారా, ఆ పిల్లలకు కావలసింది తీర్పు కాదు, వీల్‌చెయిర్, ఫిజియోథెరపీ, రాత్రిళ్లు కాస్త పడుకోనిచ్చే మనిషి. కారణం ఏదైనా అవి అవసరమే. మన దగ్గరే చూడండి, కేరళ కాసర్‌గోడ్‌లో జీడితోటల మీద హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లిన కేసులో 2017లో మన సుప్రీంకోర్టు బాధితులకు తలా 5 లక్షలు మూడు నెలల్లో ఇమ్మని ఆదేశించింది. ఒక్కో బిడ్డకూ విడివిడిగా కారణం నిరూపించేదాకా ఆగమనలేదు.

సందేహజీవి:
జాబితాలో ఉన్న జబ్బుల వరకు మీ వాదన నాకు సరిగానే ఉంది. పుట్టుక లోపాల అంకెల మీద నా సందేహం నాకుంది.

పల్నాటి_పత్తి:
ఒకటి అడుగుతాను. ఇంత జరిగాక ఇలా మందు చల్లడం యుద్ధాల్లో నిషేధించారా?

కోర్టుగుమ్మం:
కొంతవరకు అన్నా. 1975లో అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ యుద్ధంలో కలుపు మందులను ముందుగా వాడబోమని ఉత్తర్వు ఇచ్చాడు, తమ స్థావరాల చుట్టూ మాత్రం మినహాయింపు. యుద్ధం కోసం ప్రకృతిని మార్చే పద్ధతులను నిషేధిస్తూ అంతర్జాతీయ ఒప్పందం 1978లో అమల్లోకి వచ్చింది. ఆ నష్టం "విస్తృతం, దీర్ఘకాలికం లేదా తీవ్రం" అయితేనే నిషేధం, కాబట్టి వాదించుకోవడానికి సందు ఉంది.

గోదారిగట్టు:
అందరికీ చాలా కృతజ్ఞతలు. డాక్టరమ్మ గారూ, మీ పోస్టు అమ్మాయి చేత చదివించాను. మళ్లీ వెళ్లేవాళ్లు ఏమైనా చెయ్యగలరా, సైగాన్ మిత్రమా?

సైగాన్‌లో_తెలుగోడు:
చెయ్యొచ్చండి. యుద్ధంలో గెరిల్లాలు దాక్కున్న కూ చీ సొరంగాలకు వెళ్లే టూర్ బస్సులు దారిలో వికలాంగులు పనిచేసే లక్క బొమ్మల వర్క్‌షాపు దగ్గర ఆపుతాయి. గుడ్డు పెంకు ముక్కలు ఒక్కొక్కటీ అతికించి బొమ్మ చేస్తారు. ధర బయటికన్నా ఎక్కువే ఉంటుంది, బేరం ఆడకుండా కొనండి. బాధితుల సంఘానికి నేరుగా విరాళం కూడా ఇవ్వొచ్చు. తూ జూ ఆసుపత్రిలో ఈ పిల్లలు ఉండే వార్డు ఉంది, దాని పేరు పీస్ విలేజ్. ముందుగా అనుమతి తీసుకుంటేనే రానిస్తారు. వెళ్తే ఫొటోలు తియ్యకండి. వాళ్లకి కావలసినవి ఏంటో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, మేం అడిగినప్పుడు పెద్ద సైజు డైపర్లు, పాలపొడి అన్నారు.